సీలు తీయని మందుల పెట్టె

ఆ రోజు పొద్దున జాగ్రత్తగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి స్నానం, ఆ తర్వాత ఇస్త్రీ చొక్కా, ఎనిమిదికి పది నిమిషాల ముందే ఫ్యాక్టరీ గేటు. సాయంత్రం నాలుగింటికి నల్లబోర్డు మీద తొమ్మిదివందల తొంభైతొమ్మిది చెరిపి వెయ్యి అని రాసి, అందరికీ ఓ నమస్కారం పెట్టి ఇంటికి రావడం. మర్నాటి నుంచి ఆయన రిటైరు.

ఆయన అసలు పేరు హాజరుపట్టీలో ఉండేది, అక్కడ తప్ప ఇంకెక్కడా వినబడేది కాదు. ఎవరు ఎదురైనా "జాగ్రత్త" అనడం ఆయన అలవాటు కాబట్టి అదే ఆయన పేరయిపోయింది. ఫ్యాక్టరీలో ఎవరికీ దెబ్బలు తగలకుండా చూడటం ఆయన ఉద్యోగం.

బడిపిల్లల నోటుబుక్కులు తయారుచేసే ఫ్యాక్టరీ అది. గీతల మిషన్ మీద నీలం సిరా, ఎర్ర సిరా సన్నటి ధారలుగా దిగి కాగితానికి గీతలు పెట్టేవి. పక్క గదిలో మైదా జిగురు ఉడికేది. తడి కాగితం, సిరా, వేడి జిగురు కలిసిన ఆ వాసన అక్కడ పనిచేసిన వాళ్ళ బట్టలకే కాదు, జ్ఞాపకాలకి కూడా పట్టేసింది. ఇప్పుడు అదే చోట ఒక పెద్ద మిషన్ ఉంది. ఒక వైపు నుంచి కాగితం లోపలికి పోతుంది, ఇంకో వైపు నుంచి పుస్తకం బయటికొస్తుంది, మధ్యలో ఏ వాసనా రాదు.

గేటు దాటగానే గోడకి ఆ నల్లబోర్డు ఉండేది. పైన పెయింటుతో "ప్రమాదం లేకుండా గడిచిన రోజులు" అని, కింద సుద్దతో అంకె. రోజూ నాలుగింటికి జాగ్రత్తగారు పాత అంకె చెరిపి కొత్తది రాసేవారు. ఎవరికైనా చిన్న గీరుడు పడినా సరే, కట్టు కట్టాల్సి వచ్చిందంటే సున్నా. ఆ బోర్డు పక్కనే మందుల పెట్టె. దాని తాళం మీద లక్కతో సీలు వేసి ఉండేది. ఆ సీలు పగలకుండా తొమ్మిదివందల తొంభైతొమ్మిది రోజులు గడిచాయి. రోజూ పొద్దున్నే దాన్ని ఓసారి నిమిరితే గానీ ఆయనకి పని మొదలుపెట్టబుద్ధయ్యేది కాదు.

ఇంట్లోనూ ఇదే వరస. బల్లల మూలలకీ, మంచం కోళ్ళకీ గుడ్డపీలికలు చుట్టి ఉండేవి. ఇంటికొచ్చిన చుట్టాలు బల్లకేం దెబ్బ తగిలిందని పరామర్శించేవారు. వంటింటి తలుపుకి ఒక పలక వేలాడేది. ఆ రోజు దాని మీద ఉన్న అంకె రెండువేల మూడువందల పదకొండు.

వెయ్యో రోజు కోసమని జాగ్రత్తగారు విరగని పొడుగాటి సుద్దముక్క ఒకటి రెండేళ్ళ క్రితమే దాచారు. అది బీరువా మీద ఉంది. అది అందాలంటే ఇనప స్టూలు ఎక్కాలి. స్టూలు ఎక్కాలంటే రెండో మనిషి పట్టుకోవాలి. ఈ నియమం పెట్టింది ఆయనే. భార్య పెరట్లో బట్టలు ఆరేస్తోంది. పనిలో ఉన్న మనిషిని ఎందుకు ఇబ్బంది పెట్టాలని, ఆవిడకి వినబడనంత నెమ్మదిగా ఒకసారి పిలిచి, నియమం పాటించినట్టే అనుకుని స్టూలెక్కారు.

ఎక్కడం బాగానే ఎక్కారు. దిగడం కూడా బాగానే దిగారు. దిగాక సుద్దముక్కని వెలుతురులో పెట్టి చూసుకుందామని ఒక అడుగు వెనక్కి వేశారు. కాలు జారకుండా అక్కడ రబ్బరు పట్టా వేసింది కూడా ఆయనే. మరీ భద్రంగా ఉంటుందని ఒకదాని మీద ఒకటి రెండు వేశారు. పైపట్టా కిందపట్టా మీద నుంచి సాఫీగా జారింది. పడబోతూ సుద్దముక్కని మాత్రం చెయ్యెత్తి కాపాడారు. కుడికాలి బొటనవేలు వెళ్ళి స్టూలు కాలికి కొట్టుకుంది.

ఆయన అరవలేదు. అరిస్తే అది ప్రమాదమవుతుంది. గోడ పట్టుకుని, కళ్ళు మూసుకుని, నొప్పి ఓ మెట్టు దిగేదాకా నిలబడ్డారు. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా పలక. "వేలే కదా" అనుకున్నారు. చిన్నదే కదా అనుకోవడమే పెద్ద ప్రమాదమని ఫ్యాక్టరీ గోడ మీద రాయించిన మనిషి, పలక వైపు చూడకుండా పక్కగదిలోకి కుంటుకుంటూ వెళ్ళిపోయారు.

వేలు నిమ్మకాయంత అయింది. అసలు చిక్కు అది కాదు. ఒంటి మీద ఎక్కడ తగిలిన దెబ్బయినా సరే, దెబ్బతో వచ్చిన మనిషి ఆ రోజు ఫ్యాక్టరీలో అడుగు పెట్టకూడదు. ఇదీ ఆయన పెట్టిందే. పిల్లలతో బంతాట ఆడి మణికట్టు బెణికించుకుని వచ్చిన మేనేజరునే ఒకసారి గేటు నుంచి వెనక్కి పంపించారు. ఇప్పుడు కుంటుతూ వెళితే తననీ పంపించేస్తారు. వెయ్యి అనే అంకె ఇంకెవరో రాస్తారు. మూడేళ్ళుగా కలలో కూడా చేత్తో గాల్లో రాసుకున్న అంకె అది.

ఆయన బూటు వేలికి పట్టలేదు. ఎప్పుడో బావమరిది మర్చిపోయి వెళ్ళిన నల్లబూట్లు మంచం కింద ఉన్నాయి. ఆ బావమరిది మనిషి పొడుగు, పాదం ఇంకా పొడుగు. అవి తొడుక్కుని గుమ్మం దాకా వచ్చేసరికి భార్య ఎదురైంది.

"తమ్ముడి బూట్లు వేసుకున్నారేమిటండీ?"

"చివరి రోజు కదా. కాస్త హుందాగా ఉంటుందని."

ఆవిడ ఆయన మొహం వంక చూసింది, బూట్ల వంక చూసింది, లోపల అడ్డంగా పడున్న స్టూలు వంక చూసింది. జాగ్రత్త అని మాత్రం అంది. ఆ మాట తను అనకుండా ఎదుటివాళ్ళు అనడం ఆయనకి కొత్తగా ఉంది.

మామూలుగా జాగ్రత్తగారు ఫ్యాక్టరీలో తిరుగుతుంటే తాళంగుత్తి గలగల ముందు వినబడేది, ఆయన తర్వాత కనబడేవారు. ఆ చప్పుడు వినగానే అందరూ సర్దుకునేవాళ్ళు. ఆ రోజు కాలు అదరకుండా ఉండాలని తాళంగుత్తి గుప్పిట్లో బిగించి, ఒక్కో అడుగే వేస్తూ నిశ్శబ్దంగా వచ్చారు. వేలు సలిపినప్పుడల్లా ఏదో ఒక మిషన్ అంచు పట్టుకుని ఆగారు. ఆగినప్పుడల్లా అక్కడున్న వాళ్ళ గుండెలు జారిపోయాయి. వెళ్ళిపోయే రోజున చప్పుడు లేకుండా వచ్చి ప్రతి మిషన్ దగ్గరా ఆగి చూస్తున్నారంటే, ఈయనకి ఏదో తెలిసిపోయిందని వాళ్ళకి అర్థమైపోయింది.

మొదట ఆగింది కుట్టు అక్క దగ్గర. ఆవిడ పద్దెనిమిదేళ్ళుగా కుట్టు మిషన్ మీద ఉంది. ఆయన్ని బాబాయ్ అని పిలిచేది. ఆయన మిషన్ పట్టుకుని పళ్ళు బిగించి నిలబడగానే అక్క ఎడమచెయ్యి గబుక్కున ఏప్రన్ కిందికి పోయింది. ఒంటిచేత్తో కుట్టడం మొదలుపెట్టింది. ఆయన కదిలేదాకా అలాగే కుట్టింది. ఆ కాసేపట్లో తయారైన పుస్తకాల్లో సగం కాగితాలు తలకిందులుగా ఉన్నాయి.

తర్వాత కటింగ్ మేస్త్రీ. పుస్తకాల దొంతరని ఒక్క వేటుకి అంచులు కోసే పెద్ద కత్తి అతనిది. అక్క దగ్గర జరిగింది దూరం నుంచి చూశాడు. జాగ్రత్తగారు తన వైపు తిరిగేలోపు కొక్కేనికి వేలాడుతున్న చేతితొడుగులు, కళ్ళద్దాలు, టోపీ అన్నీ తగిలించేసుకున్నాడు. అవి ఫ్యాక్టరీకి వచ్చిన రోజు నుంచి కొక్కెం మీదే ఉండటంతో అద్దాల మీద దుమ్ము గట్టిగా పట్టేసింది. మేస్త్రీ అందాజుగా కత్తి దింపాడు. నూటఇరవై నోటుబుక్కులు బొటనవేలంత సన్నగా అయిపోయాయి అని అప్పట్లో చెప్పుకునేవారు గానీ, నిజానికి మరీ అంత కాదు. అరచెయ్యి వెడల్పు ఉండేవి.

మేస్త్రీని చూసి మిగతా వాళ్ళూ కొక్కేల మీద పడ్డారు. పది నిమిషాల్లో హాలంతా టోపీలూ కళ్ళద్దాలే. ఆ సమయానికి మేనేజరు తన అద్దాలగది లోంచి తలెత్తాడు. ఎన్నడూ లేనిది అందరూ నిండా ముస్తాబై ఉన్నారు. జాగ్రత్తగారు కొత్త నల్లబూట్లు తొడుక్కుని పెళ్ళికొడుకులా అడుగులో అడుగేసి నడుస్తున్నారు. పైనుంచి ఎవరో తనిఖీకి వస్తున్నారు, తనకి తప్ప అందరికీ తెలుసు. మేనేజరుకి ఇంకో ఆలోచన రాలేదు. ఎవరినైనా అడిగితే తనకి తెలియదని బయటపడుతుందని అడగలేదు. వచ్చేవాళ్ళు గేటు దాటేసరికి ఫ్యాక్టరీ ఎంత తయారుగా ఉందో చూపిద్దామని, నిప్పంటుకుంటే ఎలా బయటపడాలో చేసే అభ్యాసం కోసం సైరన్ నొక్కాడు.

సైరన్ మోగితే ఏం చెయ్యాలో అందరికీ కంఠస్థం. మిషన్లు ఆపాలి. నేల మీది ఆకుపచ్చ గీత మీదుగా నడిచి బయటికి పోవాలి, పరుగెత్తకూడదు. బయట తలలు లెక్కపెట్టాలి. ఒకసారి బయటికొచ్చాక ఏం జరిగినా లోపలికి పోకూడదు. గదులన్నీ చూసుకుని అందరికన్నా ఆఖరున జాగ్రత్తగారు రావాలి.

అందరూ వచ్చారు. నలభైమూడు మందికి నలభైరెండు లెక్క తేలింది. మూడు నిమిషాలయింది. అయిదు నిమిషాలయింది. ఆయన ఎప్పుడూ మూడు నిమిషాలు దాటనిచ్చే మనిషి కాదు. వచ్చేస్తారులెమ్మని మేనేజరు గేటు వైపు చూస్తూ అన్నాడు. ఏడో నిమిషానికి కుట్టు అక్క ఇంక ఆగలేక లోపలికి నడిచింది. మిషన్లన్నీ ఆగిన ఆ హాలు ఆవిడెప్పుడూ చూడలేదు. వసారాలో ఆకుపచ్చ గీత మీద ఒక నల్లబూటు ఒంటరిగా ఉంది. మనిషి లేడు. అక్క ఆ బూటు రెండు చేతులతో పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నలభైఒక్క మందీ నియమాలన్నీ గాలికొదిలేసి లోపలికి పరుగెత్తారు.

జాగ్రత్తగారు సామాన్ల గదిలో కాగితపు కట్ట మీద కూర్చుని ఉన్నారు. బూటు ఊడిపోయింది, వాచిన కాలికి మళ్ళీ పట్టలేదు. దారిలో బోర్డు పక్క నుంచి మందుల పెట్టె తీసుకొచ్చి ఒళ్ళో పెట్టుకున్నారు. తాళంచెవి చేతిలోనే ఉంది. సీలు మాత్రం పగలగొట్టలేకపోయారు. ఎర్రగా కమిలిన బొటనవేలు అందరి కళ్ళెదుటే ఉంది.

మేనేజరు మొహంలో జాలి కనిపించింది, నియమం కూడా గుర్తొచ్చినట్టుంది, కిటికీ వైపు చూశాడు. అప్పుడు మేస్త్రీ ముందుకొచ్చి నేల మీద కూర్చున్నాడు. ఆయన పాదం తన మోకాలి మీద పెట్టుకుని, జేబులోంచి నోటుబుక్కుల వీపుకి అంటించే ఎర్రగుడ్డ పట్టీ తీశాడు. చిన్న అట్టముక్క వేలి కింద పెట్టి, పట్టీని రెండు చుట్లు తిప్పి, చివర మడిచి అంచు లోపలికి దోపాడు. పుస్తకానికి వీపు కట్టినంత తీరుగా ఉంది.

"ఎవరూ చూడలేదు గురువుగారూ. నాలుగింటికి వెళ్ళి వెయ్యి రాయండి."

జాగ్రత్తగారు కట్టు వైపు చాలాసేపు చూశారు. ముప్ఫైఒక్క ఏళ్ళు దెబ్బల గురించి ఆలోచించిన మనిషి. మొదటిసారి కట్టు కట్టిన చెయ్యి ఎలా ఉంటుందో, వందోసారి కట్టిన చెయ్యి ఎలా ఉంటుందో ఆయనకి తెలుసు.

"ఇంత బాగా ఎక్కడ నేర్చుకున్నావు మేస్త్రీ?"

మేస్త్రీ తల దించుకున్నాడు. చేతితొడుగు ఊడదీశాడు. చూపుడువేలికి అదే ఎర్రపట్టీ. తర్వాత కుట్టు అక్క ఏప్రన్ కిందనుంచి ఎడమచెయ్యి బయటికి తీసింది. బొటనవేలికి అదే. గీతల మిషన్ దగ్గరి వాళ్ళు ఇద్దరు, జిగురు గదిలో వాళ్ళు ముగ్గురు, ఒక్కొక్కరే చేతులు చాపారు. నీలం అట్టల పుస్తకాలకి నీలం పట్టీలు వాడే వాళ్ళకి నీలంరంగు కట్లున్నాయి. మందుల పెట్టెలో కట్టుగుడ్డ తీస్తే సీలు పగులుతుంది కదా. అందుకని ఇన్నాళ్ళూ పుస్తకాలకి కట్టే గుడ్డతోనే వేళ్ళకీ కట్టుకున్నారు.

"ఎందుకమ్మా?" అన్నారాయన. కోపం తెచ్చుకుందామని చూశారు గానీ రాలేదు.

అక్క చెప్పింది. మూడేళ్ళ క్రితం, జిగురు ఉడికించే తాత కాలి మీద వేడి గిన్నె ఒలికిన రోజున బోర్డు మీద సున్నా రాస్తుంటే ఆయన చెయ్యి వణకడం అందరూ చూశారట. తాత ఆస్పత్రి నుంచి వచ్చి నవ్వుతూ తిరిగినా, ఈయన పది రోజులు ఎవరితోనూ మాట్లాడలేదట. భోజనం గిన్నె తెచ్చినది తెచ్చినట్టే ఇంటికి పట్టుకెళ్ళేవారట.

"మళ్ళీ మీతో సున్నా రాయించకూడదని ఆ రోజే అనుకున్నాం బాబాయ్. నా వేల్లో మొదటిసారి సూది దిగినప్పుడు బోర్డు మీద రెండువందలుంది. మీరేమో ఆ పూట ఈల వేసుకుంటూ తిరుగుతున్నారు. ఎలా చెప్పమంటారు?"

ఆయనకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తనని ఇంతమంది ఇంత ప్రేమగా మోసం చేశారని తెలిసిన మనిషికి సంతోషించాలో ఏడవాలో తెలియదు. అక్క బొటనవేలు పట్టుకుని తిప్పి చూశారు. సూది ఎక్కడ దిగిందో, చెయ్యి ఎటునుంచి పోతే అక్కడ దిగుతుందో ఆయనకి వెంటనే తెలిసిపోయింది.

"అక్కడ బెత్తెడు రేకుముక్క అడ్డం పెడితే సరిపోయేది తల్లీ. చెప్పుంటే మర్నాడే పెట్టించేవాణ్ణి."

"అదే చోట ఇంకో ఇద్దరికి కూడా దిగింది" అంది అక్క, చిన్న గొంతుతో.

కోప్పడటానికి ఆయనకి మొహం చెల్లలేదు. పొద్దున పలక ముందు తను చేసిన పని కళ్ళముందు మెదులుతోంది. తాళంచెవితో ఒక్క పోటు పొడిచి సీలు పగలగొట్టి పెట్టె మూత తీశారు. లోపల పట్టీలన్నీ ఎండి, ముట్టుకుంటే పొడిగా రాలాయి. మందు సీసా అడుగున మరక మాత్రం మిగిలింది. తొమ్మిదివందల తొంభైతొమ్మిది రోజులు సీలు చూసుకుని మురిశారే గానీ లోపలేముందో ఆయనా చూడలేదు. మేస్త్రీ కట్టిన ఎర్రపట్టీయే ఆ పూటకి దిక్కయింది.

మధ్యాహ్నమంతా ఆయన కాగితపు కట్ట మీద నుంచి లేవలేదు. సన్నగా తెగిన ఆ నోటుబుక్కుల్లోంచే ఒకటి తీసుకుని అందరినీ వరసగా పిలిచారు. ఎవరికి, ఎప్పుడు, ఏ మిషన్ దగ్గర, ఏ వేలికి. మొదట బెరుకుగా చెప్పినవాళ్ళు పోనుపోను ఒకరిని మించి ఒకరు గుర్తుచేసుకున్నారు. పాత దెబ్బల కబుర్లు పాత స్నేహితుల కబుర్లలా సాగాయి, మధ్యలో నవ్వులు కూడా. అరవైఏడు దెబ్బలు తేలాయి. అందులో నలభై, మూడంటే మూడు చోట్ల తగిలినవి. మేనేజరు తన అద్దాలగది తలుపుకి ఇప్పటికి నాలుగుసార్లు నుదురు కొట్టుకున్నానని చెప్పి, వరసలో చివర నిలబడ్డాడు. తనిఖీ ఎప్పుడని అతను అప్పుడు అడిగితే, ఏ తనిఖీ అని అందరూ అతన్నే అడిగారు.

నాలుగయింది. బావమరిది బూటు ఒక కాలికి, ఎర్రపట్టీ ఒక కాలికి పెట్టుకుని జాగ్రత్తగారు బోర్డు దగ్గరికి వచ్చారు. వెనక అందరూ నిలబడ్డారు. జేబులోంచి ఆ పొడుగాటి సుద్దముక్క తీశారు. తొమ్మిదివందల తొంభైతొమ్మిది చెరిపారు. బోర్డు అంత ఖాళీగా కనబడటం చాలామందికి మొదటిసారి. ఆయన నిదానంగా, గుండ్రంగా, బోర్డంత పెద్ద సున్నా పెట్టారు. ఈసారి చెయ్యి వణకలేదు.

"ఇప్పుడిది నిజం" అన్నారు.

మేనేజరు గొంతు సవరించుకుని, ఆ మూడు చోట్లా రేకులు బిగించేదాకా రిటైరుమెంటు ఓ వారం ఆగితే బాగుంటుందని అన్నాడు. జాగ్రత్తగారు ఆలోచించినట్టు ఒక క్షణం నటించి ఒప్పుకున్నారు.

ఇంటికి వెళ్ళేసరికి వంటింటి తలుపు మీది పలక మీద కూడా సున్నా ఉంది. అది భార్య చేతిరాత.

"పొద్దున్నే రాశాను" అందావిడ. "మీరే చెబుతారేమోనని సాయంత్రం దాకా చూశాను."

ఆయన కుర్చీలో కూర్చుని అంతా చెప్పారు. ఆవిడ వేడినీళ్ళు తెచ్చి కాలు అందులో పెట్టించింది. పట్టీ విప్పబోతే ఆయన విప్పనివ్వలేదు. కాసేపయ్యాక, మరి నీ సంగతేమిటి, రెండువేల మూడువందల పదకొండు రోజుల్లో నీకేమీ తగల్లేదా అని అడిగారు.

ఆవిడ స్టవ్ ఆపి, తడిచేతులు తుడుచుకుని, ఎదురుగా కుర్చీ లాక్కుంది.

"సన్న నోటుబుక్కు ఇంకోటి ఉందా?" అంది.

సన్నగా తెగినవీ, అక్క తలకిందులుగా కుట్టినవీ అంగళ్ళకి పనికిరావని తలా రెండు పంచేశారు. అక్కడ పనిచేసిన వాళ్ళ ఇళ్ళల్లో ఒకటీ అరా ఇప్పటికీ ఉన్నాయి. తెరిస్తే కొన్నిట్లో సగం పేజీలు తలకిందులుగా ఉంటాయి, మైదా జిగురు వాసన ఇంకా లీలగా వస్తుంది. అవి తీసినప్పుడల్లా ఆ హాలు, తాళంగుత్తి గలగల, ఆకుపచ్చ గీత గుర్తొచ్చి వాళ్ళకి మనసు ఒకలా అయిపోతుంది. ఆ రోజులు మళ్ళీ రావు.

మర్నాడు బోర్డు మీద ఒకటి రాయడం కుదరలేదు. అక్క మిషన్‌కి రేకు తనే బిగిస్తానని కూర్చున్న మేనేజరుకి వేలు నలిగింది. దాచుకోకుండా వెంటనే రాయించుకుందామని అతను హాలు ఆ చివర నుంచి ఈ చివరకి పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఫ్యాక్టరీలో పరుగెత్తకూడదని జాగ్రత్తగారు అతన్ని మందలించారు.